ఫ్రేములో పట్టని చెయ్యి

తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. అంచుల్లో వేలు పెట్టి తుడవాలి, లేకుంటే నిన్నటి కుంకుమ అక్కడే పేరుకుపోతుంది. ఫొటో అద్దం తుడిచే ఈ పని నందినికి ఎవరూ నేర్పలేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి పెద్దత్త చేస్తుంటే చూసింది, అంతే.

ఆ అద్దం మీద పెద్దత్త వసంతమ్మ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడడం ఈ ఇంట్లో ఎవరూ ఎరగరు. కానీ మొన్న సాయంత్రం, విగ్రహం ఆవిష్కరించమని అడిగితే, "ఆ బొమ్మ మీది గుడ్డ నేను లాగను" అని గదిలోకి వెళ్ళి గడియ వేసుకున్న మనిషి ఇంతవరకు హాల్లోకి రాలేదు. పెరటివైపు తలుపు తీసుకుని స్నానానికి వెళ్తుంది. గడప దగ్గర పెట్టిన అన్నంలో సగం తింటుంది. మళ్ళీ గడియ వేసుకుంటుంది.

నందిని ముక్కాలిపీట ఎక్కి నిలబడింది. ఇంత దగ్గరగా ఆ ముఖాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

రామలింగారెడ్డి. ఈ ఇంటి పెద్దకొడుకు, వసంతమ్మ భర్త. డెబ్భై ఒకటి యుద్ధంలో బాంబులు వేసే విమానం ఎక్కి వెళ్ళి తిరిగి రానివాడు. తల మీద టోపీ, కళ్ళకు నల్లద్దాలు, గడ్డం మధ్యలో వేలితో నొక్కినట్టు చిన్న సొట్ట. నవ్వు కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది. వెనక విమానం రెక్క. కుడి చెయ్యి నడుము బెల్టు మీద ఉంది. ఎడమ చెయ్యి మాత్రం పక్కకు చాచినట్టుగా పోయి, ఫ్రేము అంచు దగ్గర తెగిపోతుంది.

ఆ చెయ్యి దేని మీద ఉందో అని నందిని ఇదివరకు కూడా అనుకుంది. రెక్క మీద ఆనించాడని మామ చెప్పేవాడు. ఆయనకు వాళ్ళమ్మ చెప్పిందట.

"దండ ఎయ్యలేదేమ్మా ఇంకా?"

మామ ఓబుళరెడ్డి స్నానం చేసి, భుజం మీద తువ్వాలుతో హాల్లోకి వచ్చాడు.

"పెద్దత్త వచ్చి ఏస్తాదేమోనని పళ్ళెంలో పెట్టినా మామా."

టీపాయ్ మీద ఇత్తడి పళ్ళెంలో చామంతుల దండ చుట్ట చుట్టుకుని ఉంది. ఓబుళరెడ్డి దాని వైపు చూశాడు. తర్వాత మూసిన తలుపు వైపు చూశాడు. వెళ్ళి తలుపుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు, కొట్టలేదు.

"వదినా. రేపు పొద్దన్నే కదా. జమ్మలమడుగు నుంచి పెద్దోళ్ళంతా వస్తాండారు. అన్నతో పని చేసినోళ్ళు కాకపోయినా, ఆ ఎయిర్‌ఫోర్సులో చేసి రిటైరైన ఆఫీసర్లు ఇద్దరు హైదరాబాదు నుంచి బయల్దేరినారు. నువ్వు లేకుంటే ఆ గుడ్డ ఎవురు లాగాల?"

లోపల గాజులు ఒకసారి గలగలమన్నాయి.

"నేను లాగలేను వదినా. అది నువ్వు లాగాల్సిందే."

ఫోను చెవికి పెట్టుకునే హర్ష మేడ మెట్లు దిగి వచ్చాడు. షామియానా వాళ్ళతో మాట్లాడుతున్నాడు. వాళ్ళ మీద ఉన్న విసుగునే అటు నుంచి ఇటు తిప్పాడు.

"ఆమెను ఎన్నిసార్లు బతిమాల్తావు నాయనా? ఇంట్లో దండ ఎయ్యొచ్చంట, దీపం పెట్టొచ్చంట. మన పల్లె క్రాసులో బొమ్మ పెడితే మాత్రం తప్పంట. నాకు పుట్టినప్పటి నుంచి అర్థం కాలేదు ఈమె లెక్క. పొద్దన్నే లేచి ఆయన ఫొటోకు దండా ఈమే ఏస్తాది, మళ్ళీ అద్దం ముందర నిలబడి రూపాయంత బొట్టూ ఈమే పెట్టుకుంటాది."

"ఒరే, గమ్మునుండు."

"నేనేం కొత్తగా అన్నానా? ఊరంతా అనేదే కదా." భార్య వైపు తిరిగాడు. "నువ్వేంది, పీటెక్కి చూస్తాండావు. కాఫీ యాడ?"

"మీ పక్కనే చల్లారిపోతాంది" అంది నందిని.

హర్ష కప్పు వైపు చూసి, తాగకుండా వదిలేశాడు. నందిని ఉంగరపు వేలు కుంకుమలో ముంచి, ఫొటో నుదుటి మీద పెట్టబోయింది.

"రెడ్డీ, ఇంట్లో ఎవరన్నా ఉండారా?"

వీధి తలుపు తెరిచే ఉంది. చెప్పులు బయట విడిచి, గుడ్డసంచి చంకన పెట్టుకుని ఒక మనిషి గడప అవతల నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా, నెరిసిన పొట్టి గడ్డం.

నందిని ఆ ముఖాన్ని చూసింది. ఫొటో వైపు తిరిగింది. మళ్ళీ ఆ ముఖాన్ని చూసింది. నెరిసిన వెంట్రుకల మధ్య, గడ్డంలో అదే సొట్ట. ఎవరూ పలకకపోయేసరికి మొహమాటంగా నవ్వాడు. ఆ నవ్వు ఎడమకు ఒరిగింది.

ఆమె వేలు ఎక్కడ పడిందో ఆమెకు తెలియలేదు. కుంకుమ అద్దం మీద అడ్డంగా చారికై పోయింది.

తలుపు దగ్గరి నుంచి ఓబుళరెడ్డి వెనక్కి తిరిగాడు. తువ్వాలు భుజం మీది నుంచి జారింది.

"అన్నా" అన్నాడు.

వచ్చిన మనిషి ఆయన కంటే నాలుగైదేళ్ళు చిన్నవాడు. తనను కాదనుకుని, వెనక ఎవరున్నారా అని వీధిలోకి చూశాడు.

*

"నా పేరు మొయిన్. మాది ఆదోని. పత్తి యాపారం" అన్నాడు కూర్చున్నాక. కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు. "పాపకు పెండ్లి కుదిరింది. ప్రొద్దుటూర్లో నగలు తీసుకుందామని నిన్న బస్సెక్కినా. జమ్మలమడుగు బస్టాండులో బస్సు ఆగితే టీకని దిగినా. టీ అంగడాయన నా మొగం చూసినాడు, నా తల మీదికి చూసినాడు. 'ఏమప్పా, నీ ఫ్లెక్సీ కింద నువ్వే నిలబడుకోని టీ తాగుతాండావే' అన్నాడు. నవ్వులకు అంటాండాడు అనుకున్యా. తిరిగి చూసినా."

అంతవరకు చెప్పి ఆగాడు. గోడ మీది ఫొటోను నేరుగా చూడడానికి ఆయనకు ధైర్యం చాలినట్టు లేదు. కింది నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి చూశాడు. దీపం పెట్టే అర. బెల్టు. టోపీ. నుదుటి దగ్గర చారికైన కుంకుమ.

"పోలికలు ఎవరికైనా కలుస్తాయిలేన్నా" అన్నాడు హర్ష.

మొయిన్ ఫోను తీసి, ఒక బొమ్మ తెరిచి, ఓబుళరెడ్డి చేతికిచ్చాడు. కాలేజీ కుర్రవాడి పాత ఫొటో అది. టోపీ లేదు, నల్లద్దాలు లేవు. మిగిలినవన్నీ ఉన్నాయి.

"మా నాయన తమ్ముడు. యూనుస్. బాంబులేసే విమానం నడిపేటోడు. డెబ్భై ఒకటిలో ఒక రాత్రి పైకి పోయినాడు, దిగలేదు. మా ఇండ్లల్లో గోడకు ఫొటోలు పెట్టుకోము. ఇదొక్కటి మా నాయన పెట్టెలో దాచిపెట్టినాడు. పండగ రోజు తీసి, చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టేటోడు. ఆ మొగం నిన్న కరెంటు స్తంభాల నిండా ఉంది."

ఓబుళరెడ్డి ఫోనును దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు. కళ్ళద్దాల కోసం జేబు తడుముకున్నాడు. కళ్ళద్దాలు కళ్ళకే ఉన్నాయి.

"నేను కోపంతో రాలేదు పెద్దాయనా" అన్నాడు మొయిన్. "రాత్రంతా లాడ్జిలో కూర్చోని ఆలోచన చేసినా. పోతే పోనీలే అనుకున్యా. మనసు ఒప్పలేదు. మొగం మావోనిది, పేరు మీవోనిది. రేపు మీరు గుడ్డ తీస్తే రెండూ ఒకటైపోతాయి. మావోడు మీవోడైపోతాడు. మాకు గోరీ కూడా లేదు. ఉండేది ఆ మొగం ఒక్కటే."

"ఇప్పుడు చెప్తే ఎట్లన్నా?" హర్ష గొంతు పెరిగింది. "రేపు పొద్దున కార్యక్రమం. బొమ్మ లేచింది, రంగు కూడా ఆరిపోయింది. నల్లద్దాలు, టోపీ... సిమెంటులో ఎవురు గుర్తుపడతారు?"

"టీ అంగడాయన పట్టినాడు కదప్పా."

"సరే. మీకేం కావాల? అదన్నా చెప్పండి."

మొయిన్ హర్షను కాసేపు చూశాడు. ఆ ప్రశ్న వెనక ఉన్న ప్రశ్న ఆయనకు అర్థమైంది. ముఖంలో రక్తం ఎక్కి, దిగింది.

"చల్లటి నీళ్ళుంటే ఇయ్యండి. అంతకంటే ఏం వద్దు."

నందిని పీట దిగింది. నీళ్ళు తెస్తున్నప్పుడు గడియ తీసిన చప్పుడైంది. చెంబుతో అక్కడే నిలిచిపోయింది.

*

వసంతమ్మ గది గుమ్మంలో నిలబడి ఉంది. తల తడిగా ఉంది. నుదుట బొట్టు ఎప్పటంతే పెద్దది. రెండు రోజులు గదిలో ఉన్న మనిషిలా లేదు, అప్పుడే నిద్ర లేచి వచ్చినట్టుంది.

మొయిన్‌ను చూసి ఆమె ఉలిక్కిపడలేదు. అది నందిని గమనించింది.

"యూనుస్‌కు అన్న కొడుకువా, తమ్ముని కొడుకువా?"

"అన్న కొడుకునమ్మా."

"మీ జేజి, యూనుస్ వాళ్ళమ్మ, ఉండాదా?"

"లేదమ్మా. శానా ఏండ్లాయ. చాచా పేరు తల్చుకుంటానే పోయింది."

"సెలవుకు వచ్చినప్పుడు చెనిక్కాయల మూట తెచ్చేవాడా మీ ఇంటికి?"

మొయిన్ నీళ్ళ చెంబు అందుకోబోయి ఆగాడు. "మీకెట్ల తెలుసమ్మా? మా దాదీ చెప్పేది. ప్రొద్దుటూరు రెడ్డి పంపినాడు, ప్రొద్దుటూరు రెడ్డి చేన్లోవి అని. పేరు తెల్దు, ఊరు తెల్దు. ప్రొద్దుటూరు రెడ్డి, అంతే."

"మేమే నింపి పంపేది. నేనూ మా అత్తా." వసంతమ్మ వచ్చి గోడ పక్కన కింద కూర్చుంది. "ఇద్దరికీ ఒకే విమానం. మీ చిన్నాయన నడుపుతాడు. ఈయన ముందర ముక్కులో బోర్లా పండుకోని దారి చూపిస్తాడంట. బాంబులు వదిలేదీ ఈయనే. తెలుగోళ్ళం అని అడిగి మరీ జత ఏపించుకున్నారు. పైన ఎవురికీ అర్థం కాకుండా తెలుగులో తిట్టుకుంటామని చెప్పి నవ్వేవాడు."

హర్ష తండ్రి వైపు చూశాడు. తండ్రి ఎవరి వైపూ చూడడం లేదు.

"పెద్దమ్మా. ఒక్క మాట చెప్పు. ఈ గోడ మీద ఉండేది ఎవురు?"

"యూనుస్."

"పెదనాయన కాదా?"

"కాదు."

కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. బయట ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"నా పెండ్లిలో తాళి కట్టినాక మమ్మల్ని ఇద్దర్నీ తీసకచ్చి ఈడ మొక్కిచ్చినారు" అన్నాడు హర్ష. "నా నవ్వు పెదనాయనదే అని చుట్టాలందరికీ..."

"నేను అన్యానా? మీ నాయన అనేది. నేను ఒకనాడూ అనలేదు."

"అనలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు! యాభై ఏండ్లు! ఎవురో ముక్కూమొగం తెలీని మనిషికి దండలేసి, దీపం పెట్టి..."

అన్న తర్వాత మొయిన్ అక్కడే కూర్చుని ఉన్న సంగతి గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు.

అప్పుడు ఓబుళరెడ్డి గొంతు విప్పాడు.

"మాయమ్మకు తెలుసునా వదినా?"

వసంతమ్మ చీర కొంగును మోకాలి మీద పరిచి, చేత్తో సాపు చేసింది.

"రాడింక అని గవర్నమెంటు రాసి పంపినాక, మీ నాయన ఫొటో పెట్టాలన్నాడు. ఉండింది ఒకే ఫొటో. ఇద్దరూ విమానం ముందర నిలబడినది. మీ నాయనకు అప్పటికే చూపు ఆనేది కాదు, మంచం మీద ఉండాడు. అప్పట్లో పల్లెలో ఉంటిమి కదా, చేను చూసే సేద్యగాని చేతికి ఇచ్చి ప్రొద్దుటూరు స్టూడియోకు పంపించినాడు. మావోని ఫొటో పెద్దది చేసియ్యమను అన్నాడు, అంతే. ఏ పక్కనుండేది మావోడు అని చెప్పి పంపలేదు. ఆ స్టూడియో ఆయన ఎవరు నవ్వుతాండారో వాళ్ళను తీసుకున్యాడు. మధ్యలో కత్తిరించి, ఈ సగాన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టినాడు. మిగిలిన సగం పారెయ్యకుండా కవర్లో పెట్టి ఇచ్చినాడు."

"ఆ..." అన్నాడు ఓబుళరెడ్డి.

"మీ అమ్మా నేనూ కాగితం విప్పినాం. ఇద్దరం చూసినాం. దండ అప్పటికే కట్టి పెట్టుకోని ఉండాం. ఆమె నా మొగం చూసింది. నేను ఆమె మొగం చూసినా. ఒక్క మాట లేదు ఓబులూ. ఆమె కవరు నా చేతిలో పెట్టింది, కొంగుతో ఫ్రేము అద్దం తుడిచింది, దండ తీసి ఏసింది."

"ఊర్లోవోళ్ళు? ఊర్లోవోళ్ళకు కండ్లు లేవా?" అన్నాడు హర్ష.

"ఉండాయి. వచ్చినారు, చూసినారు. 'ఉద్యోగమని ఆ పక్కకు పోయినాక ఎంత మారినాడో సూడు, ఎంత రంగొచ్చినాడో' అన్నారు."

మొయిన్ పెదవుల మీదికి నవ్వు లాంటిది వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"పులివెందుల నుంచి మా నాయన నలుగురు పెద్దోళ్ళను పిల్చకోని జీపులో వచ్చినాడు. దండ పడింది కదా, ఇంక గాజులు తీపియ్యాల అని. మీ అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది. నా కోడలు గాజులు నా ఇంట్లో ఎవురూ ముట్టరు అని చెప్పి పంపించింది. కొడుకు పోయినాడని మతి పోయింది ఆమెకు అనుకుంటా పోయినారు. మతి బాగనే ఉండె ఆమెకు."

"ఆయన బతికుండాడు అనుకుంటివా పెద్దత్తా?" నందిని అడిగింది. అడగాలని అనుకోలేదు.

వసంతమ్మ ఆమె వైపు తిరిగింది.

"లేదమ్మా. ఆయన రాడని నాకు తెలీదా? తెలిసేది వేరు. నా చేత్తో నేను దండ ఏసేది వేరు. ఇన్నాళ్ళు ఈ యప్పకు ఏసినా." ఫొటో వైపు చూపింది. "ఈయనకూ ఎవురో ఒకరు పెట్టాల్సిందే కదా దీపం అనుకున్యా. ఆయన పక్కన కూర్చోనుండినోడు. రేపు బొమ్మ మీద ఆయన పేరు చెక్కి, నా చేత గుడ్డ లాగిస్తామంటిరి. మొగం ఎవరిదైతే ఏమి, పేరు ఆయనదే కదా. అది నేను లాగలేను. అందుకే తలుపేసుకున్యా."

"నాకన్నా చెప్పకూడదా వదినా?"

ఓబుళరెడ్డి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని నందినికి అనిపించింది.

"ఎప్పుడు చెప్పాల ఓబులూ? ఆరేండ్లోనివి. గడ్డంలో బలపం పెట్టి వత్తుకుంటా పండుకునేవాడివి, అన్నకు మాదిరి సొట్ట పడాలని. అప్పుడు చెప్పాలనా? పరీక్షకు పోతా ఈ ఫొటోకు చూపిచ్చి పోయేవాడివి, పెన్నూ హాల్‌టికెట్టూ. అప్పుడు చెప్పాలనా? నీ పెండ్లాం పోయిన రోజు ఈ గోడ కాడ్నే కదా కూర్చున్యావు, నా కాడికి రాలేదు. అప్పుడు చెప్పాలనా?"

ఆయన చేతిలో ఉన్న మొయిన్ ఫోను వెలుతురు ఆరిపోయి, నల్లటి అద్దమైంది. దాన్ని జాగ్రత్తగా టీపాయ్ మీద, దండ ఉన్న పళ్ళెం పక్కన పెట్టాడు.

"నాకు మా అన్న మొగం చూపీ" అన్నాడు. "ఆ సగం ఉంది కదా నీ దగ్గర. ఒక్కసారి చూపీ."

*

వసంతమ్మ గదిలోకి వెళ్ళింది. ట్రంకుపెట్టె మూత చప్పుడు వినిపించింది.

హర్ష అప్పటికే ఫోనులో ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతున్నాడు. "ఆ, శిల్పి అన్నా... తల ఒక్కటే అన్నా. ఇంకో ఫొటో పంపిస్తా, ఇప్పుడే తీసి పంపిస్తా. రాత్రికి తల మార్చగలవా? పై దాకా గుడ్డ కప్పే ఉంది కదా, ఎవురు చూడొచ్చినారు..."

"అట్ల చేస్తే మావోని తల ఏం చేస్తారప్పా?" అన్నాడు మొయిన్.

హర్ష వినిపించుకోలేదు. వసంతమ్మ పాత కవరుతో గుమ్మంలోకి రాగానే కెమెరా తెరిచి ఎదురెళ్ళాడు.

"ఒక్క నిమిషం పెద్దమ్మా, వెలుతుర్లో పట్టుకో..."

"ఆ ఫోను జేబులో పెట్టు."

"రేపు ఆఫీసర్లు వస్తే ఏం చెప్పాల నేను? చేసిందంతా నువ్వు చేసి..."

"జేబులో పెట్టు హర్షా. ఇది మీ నాయన ఒక్కడే చూసేది. ఇది నీ బొమ్మకు కాదు, నీ ఫ్లెక్సీకి కాదు."

హర్ష ఫోను జేబులో పెట్టలేదు. చేతిలోనే కిందికి దించాడు. ఆమె అతన్ని దాటుకుని వెళ్ళి, ఓబుళరెడ్డి ముందు నేల మీద కూర్చుని, కవరులోంచి ఫొటో ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

చూడకూడదని తెలిసి కూడా నందిని చూసింది. ఆమె నిలబడిన చోటు నుంచి కనిపిస్తోంది.

సన్నటి కుర్రవాడు. టోపీ చేత్తో పట్టుకున్నాడు. నల్లద్దాలు లేవు, ఎండకు కళ్ళు చికిలించాడు. చెవులు కొంచెం పెద్దవి. నవ్వలేదు, నవ్వబోతున్నాడు. గడ్డం నున్నగా ఉంది. ఫొటో ఒక అంచు కత్తెర పడి వంకరగా ఉంది. ఆ అంచులోంచి ఒక చెయ్యి వచ్చి, అతని మెడ వెనక నుంచి పోయి, భుజం మీద వాలింది. మణికట్టుకు గడియారం. వేళ్ళు భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

నందిని గోడ మీదికి చూసింది. ఫ్రేము అంచు దగ్గర తెగిపోయిన చెయ్యి.

ఓబుళరెడ్డి చాలాసేపు చూశాడు. వసంతమ్మ ఫొటోను చూడడం లేదు, ఆయన ముఖాన్ని చూస్తోంది. ఏదో ఒకటి ఆ ముఖంలోకి రావాలని, వస్తుందని. అంతగా ఎదురుచూసే ముఖం నందిని ఆమెలో ఎప్పుడూ చూడలేదు.

ఆయన బొటనవేలు కదిలింది. కుర్రవాడి ముఖం మీద ఆగలేదు. మెడ దాటి, భుజం మీదికి పోయి, అక్కడున్న చేతి మీద ఆగింది. మెల్లగా ఆ వేళ్ళను నిమిరాడు.

"ఈడుంది చూడు" అన్నాడు. గొంతు చిన్నపిల్లవాడిదిలా ఉంది. "రెక్క మీద కాదు. అన్న చెయ్యి ఈడుంది."

"ఓబులూ" అంది వసంతమ్మ.

"ఎన్నిసార్లు అడిగినా అమ్మను, అన్న చెయ్యి యాడ పెట్టినాడు అని." ఇంకా నిమురుతూనే ఉన్నాడు. "ఈ పక్కన నిలబడినోడు ఎవురు వదినా? మంచోని మాదిరి ఉండాడు."

ఆ మాట ఆయనకే వినిపించింది. బొటనవేలు ఆగిపోయింది. తల ఎత్తి వదినను చూశాడు.

మొయిన్ లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో తెలియనట్టు.

వసంతమ్మ చెయ్యి చాచింది. ఓబుళరెడ్డి ఫొటోను వెంటనే వదల్లేదు, వేలు ఇంకా ఆ చేతి మీదే ఉంది. ఆమె ఆగింది. ఆయన వదిలేదాకా ఆగి, తీసుకుంది. ముఖం ఒకసారి కొంగుతో తుడిచింది. తన ముఖం కాదు, ఫొటోలోని ముఖం.

ఇంట్లో ఆ ముఖాన్ని ఎరిగినవాళ్ళు ఇంక ఆమె ఒక్కతే.

ఫొటో ముక్క చేతిలోనే ఉంచుకుని లేచింది. టీపాయ్ దగ్గర ఒక్క క్షణం వంగింది. ఏదో అందుకుంటోందనుకున్నారు. తర్వాత వీధి గుమ్మం దాటి, మొయిన్ చెప్పుల పక్కనున్న తన చెప్పులు తొడుక్కుంది.

"యాడికి పెద్దమ్మా?" అన్నాడు హర్ష. "పులివెందులకా? కార్లో దింపుతా ఉండు. మాట్లాడుకుందాం ఉండు!"

ఆమె తిరిగి చూడలేదు. గేటు గొళ్ళెం తీసి, మళ్ళీ వేసి, వీధిలో పడింది.

నందిని గడపలోకి పరుగెత్తింది. ఎడమకు తిరిగితే ప్రొద్దుటూరు బస్టాండు, పులివెందుల బస్సులు. కుడికి తిరిగితే జమ్మలమడుగు రోడ్డు, ఆ రోడ్డులో తమ పల్లె క్రాసు, గుడ్డ కప్పిన బొమ్మ. వసంతమ్మ కుడికి తిరిగింది. ఎండలో చామంతిరంగు ఏదో ఆమె చేతి నుంచి మోకాళ్ళ దాకా వేలాడుతోంది.

నందిని వెనక్కి చూసింది. టీపాయ్ మీద ఇత్తడి పళ్ళెంలో దండ లేదు. రెండు రేకులు, కాస్త తడి.